ఆ క్యాప్సూల్‌లో ఏం కలిపారో ఎలా తేలుతుంది?

ఉప్పల్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. డబ్బా ఫొటోలు, ఒక ల్యాబ్ రిపోర్ట్ కూడా జతచేశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇదీ:

"మా అత్తమ్మకు 64 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. మోకాళ్లు అరిగాయని డాక్టర్ చెప్పారు. సంక్రాంతికి మా పెద్ద ఆడబిడ్డ మూలికల క్యాప్సూళ్లని తెచ్చిచ్చింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మూడో రోజుకే అత్తమ్మ గోడ పట్టుకోకుండా మెట్లెక్కింది. అందరం సంబరపడ్డాం. ఇప్పటికి ఎనిమిది నెలలు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, మెడ వెనక కండ లేచింది, చేతికి కాస్త తగిలినా నల్లగా కమిలిపోతోంది. మూడు నెలల సగటు షుగర్ 7.2 ఉండేది 9.4కి పోయింది. డాక్టర్ గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము నుంచి 2కి పెంచారు. ఈ క్యాప్సూళ్ల సంగతి ఆయనకు తెలియదు. మే నెలలో వరంగల్‌లో పెళ్లికి వెళ్తూ డబ్బా మర్చిపోయాం. మూడో రోజు వాంతులు, కళ్లు తిరగడం, మంచం దిగలేకపోయింది. సెలైన్ ఎక్కించారు. ఇంటికొచ్చి క్యాప్సూల్ వేసుకున్న సాయంత్రానికి లేచి కూర్చుంది. 'చూశావా మందు మహిమ' అంది ఆడబిడ్డ. నాకు అప్పుడే అనుమానం పట్టుకుంది. అడిగితే ల్యాబ్ రిపోర్ట్ పంపింది, అన్నీ పాస్. ఆమె ఎవరో ఏజెంటు దగ్గర తెచ్చి చుట్టాల్లో, కాలనీలో ముప్పై నలభై మందికి అమ్ముతుంది. ఇల్లు గడిచేది దానిమీదే. మావారేమో 'అమ్మ నడుస్తోంది కదా, నువ్వు కెలకకు' అంటారు. ఎవరికీ తెలియకుండా క్యాప్సూళ్లు విప్పి, ఆ పొడి పారబోసి అశ్వగంధ చూర్ణం నింపి పెడితే నిజం తేలిపోతుంది కదా అనుకుంటున్నాను. వచ్చే నెల అత్తమ్మకు శుక్లాల ఆపరేషన్ ఉంది. ఇందులో ఇంగ్లీషు మందు కలిసిందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఆడబిడ్డతో ఎలా మాట్లాడాలి?"

అమ్మా, ముందు ఆ అశ్వగంధ ఆలోచన మానుకోండి. మిగతా విషయాలన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఈ రోజే చెప్పాలి. మీ అనుమానం నిజమై అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటే, మీరు చేయబోయేది వరంగల్‌లో పొరపాటున జరిగినదాన్ని ఇంట్లో కావాలని మళ్లీ చేయడమే. ఈసారి అది ఎందుకు జరుగుతోందో పక్కనున్న ఎవరికీ తెలియదు కూడా.

మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. బీపీ నిలబడాలన్నా, ఒంట్లో ఉప్పు, చక్కెర అదుపులో ఉండాలన్నా అది కావాలి. అదే పని చేసే మందు, అంటే స్టెరాయిడ్, బయటి నుంచి మూడు నాలుగు వారాలకు మించి రోజూ అందితే ఆ గ్రంథులు పని తగ్గించుకుంటాయి. ఎనిమిది నెలలైతే దాదాపు నిద్రపోతాయి. అలాంటి మనిషికి హఠాత్తుగా స్టెరాయిడ్ ఆపితే రెండు మూడు రోజుల్లో వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, కళ్లు తిరగడం మొదలవుతాయి. ప్రాణం మీదికి రావచ్చు. వరంగల్‌లో మూడో రోజు వాంతులు, తిరిగి క్యాప్సూల్ వేసుకున్న సాయంత్రానికి కోలుకోవడం సరిగ్గా ఈ లెక్కలోనే ఉన్నాయి. మీ ఆడబిడ్డ మందు మహిమ అనుకున్నది, మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా గట్టి ఆధారం. మామూలు మూలికల పొడి మూడు రోజులు మానేస్తే మనిషి మంచం పట్టదు.

మిగతా లక్షణాలూ అటే చూపిస్తున్నాయి. గుండ్రటి ముఖం, మెడ వెనక కొవ్వు, పలచబడి కమిలే చర్మం, షుగర్ పెరగడం, ఆమె నడకలో మూడు రోజుల్లోనే వచ్చిన మార్పు. కీళ్ల నొప్పులకని అమ్మే 'సహజ' ఉత్పత్తుల్లో డెక్సామెథజోన్, బీటామెథజోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, వాటితోపాటు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు దొరకడం కొత్తేమీ కాదు. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆర్ట్రీ కింగ్ అనే కీళ్ల సప్లిమెంట్ మీద వరసగా హెచ్చరికలు ఇచ్చింది. లేబుల్ మీద లేని డెక్సామెథజోన్, డైక్లోఫెనాక్ రెండూ అందులో బయటపడ్డాయి. వాడినవాళ్లు కొందరు కాలేయం దెబ్బతిని, ఇంకొందరు ఆపాక అడ్రినల్ గ్రంథి పనిచేయక ఆసుపత్రుల పాలయ్యారు.

అయినా ఇది అనుమానమే, నిర్ధారణ కాదు. నిర్ధారణకు రెండు దారులున్నాయి. ఒకటి అత్తమ్మ ఒంట్లో చూడటం, రెండోది క్యాప్సూల్‌లో చూడటం. చాలామంది రెండోదాని వెంటపడి మొదటిదాన్ని వదిలేస్తారు. మీరు మొదటిదానితో మొదలుపెట్టండి, అది త్వరగా అవుతుంది, ఖర్చూ తక్కువ.

ఈ వారంలోనే షుగర్ డాక్టర్ దగ్గరికి డబ్బాతో సహా వెళ్లండి. వీలైతే ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టర్‌కు, చూపించండి. పంజాగుట్ట నిమ్స్‌లో, ఉస్మానియాలో ఆ విభాగం ఉంది. క్యాప్సూల్ ఎప్పుడు మొదలైంది, రోజుకెన్ని, వరంగల్‌లో ఏ రోజు ఏమైంది, బరువు ఎంత పెరిగింది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఇవ్వండి. డాక్టర్ తిడతారని దాచొద్దు. ఆయన సాధారణంగా రాసే పరీక్షల్లో ఉదయం 8 గంటల కార్టిసాల్, ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథులకు ఆదేశమిచ్చే హార్మోన్), సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), రక్తకణాల లెక్క ఉంటాయి. రాత్రి క్యాప్సూల్ ఎప్పటిలా వేసుకోనిచ్చి, పొద్దున క్యాప్సూల్‌కు ముందు రక్తం ఇవ్వాలి. ఏసీటీహెచ్ గొట్టాన్ని ఐసులో పెట్టి వెంటనే పంపాలి. వీధి చివర సేకరణ కేంద్రంలో గంటలకొద్దీ బల్లమీద ఉంచేస్తే అంకె తప్పుగా తక్కువ వస్తుంది. అందుకే ల్యాబ్ ఉన్నచోటికే వెళ్లి ఇప్పించండి.

ఫలితం ఎలా చదవాలంటే, మనిషి చూడటానికి ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువైనట్టుంటుంది, కానీ కార్టిసాల్, ఏసీటీహెచ్ రెండూ అట్టడుగున ఉంటాయి. ఈ పొంతన లేకపోవడమే గుర్తు. ఒంట్లోనే కార్టిసాల్ ఎక్కువ తయారయ్యే జబ్బయితే కార్టిసాల్ ఇలా అట్టడుగున ఉండదు. డెక్సామెథజోన్ మామూలు కార్టిసాల్ పరీక్షకు చిక్కదు, అందుకే అంకె తక్కువగా కనిపిస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. కలిపింది ప్రెడ్నిసొలోన్ అయితే అది ఈ పరీక్షలో కొంత కార్టిసాల్‌గా లెక్కపడి అంకెను పైకి నెడుతుంది. కాబట్టి కార్టిసాల్ మామూలుగా వచ్చినంత మాత్రాన క్యాప్సూల్ నిర్దోషి అయిపోదు. ఇంకోటి, రాత్రి వేసుకున్న ఒక్క మిల్లీగ్రాము డెక్సామెథజోన్ చాలు ఆరోగ్యవంతుల్లోనూ పొద్దుటి కార్టిసాల్‌ను అణచడానికి. అందువల్ల ఇప్పుడు చేసే పరీక్ష బయటి స్టెరాయిడ్ ఉందా అన్నదానికి జవాబు ఇస్తుంది, గ్రంథి ఎంత దెబ్బతిందో చెప్పదు. అది తర్వాత, మందు తగ్గించుకుంటూ వచ్చాక మళ్లీ చేసే పరీక్షలో తేలుతుంది. అప్పుడు డెసీలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి కోలుకుందని, 5 కంటే తక్కువుంటే ఇంకా మందు కొనసాగాలని డాక్టర్లు సాధారణంగా చూస్తారు.

స్టెరాయిడ్ అని డాక్టర్‌కు నమ్మకం కుదిరితే ఆ క్యాప్సూల్ స్థానంలో తెలిసిన మోతాదులో ప్రెడ్నిసొలోన్ లేదా హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, వారాలు, ఒక్కోసారి నెలల మీద తగ్గిస్తారు. "స్టెరాయిడ్ మాన్పించడానికి మళ్లీ స్టెరాయిడా?" అని మీ ఇంట్లో తప్పకుండా అంటారు. అవును, అదే పద్ధతి. తేడా ఏమిటంటే ఇక్కడ ఎంత వేస్తున్నారో తెలుసు.

ఈ దశలో రెండు ప్రమాదాలున్నాయి. స్టెరాయిడ్ తగ్గేకొద్దీ షుగర్ కూడా దిగుతుంది. పెంచిన గ్లిమెపిరైడ్ మాత్రం 2 మిల్లీగ్రాముల దగ్గరే ఉండిపోతే తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్‌తో పరగడుపున, రాత్రి పడుకోబోయే ముందు చూసి రాసిపెట్టండి. అంకెలు దిగుతుంటే మాత్ర తగ్గించమని మీరే గుర్తుచేయండి. రెండోది డైక్లోఫెనాక్ లాంటిది కూడా కలిసి ఉంటే కార్టిసాల్ పరీక్ష దాని గురించి ఒక్క ముక్క చెప్పదు. అత్తమ్మ బీపీ మాత్ర పేరు మీరు రాయలేదు. అది టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర అయితే, దానిమీద నొప్పి మందు కూడా రోజూ పడుతుంటే మూత్రపిండాల మీద మూడు వైపుల నుంచి ఒత్తిడి పడినట్టే. క్రియాటినిన్ చూడమన్నది అందుకే. తారులా నల్లటి విరేచనం, కాళ్ల వాపు, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆగొద్దు.

వాంతులు, మగత, లేవలేకపోవడం మళ్లీ వస్తే 108 పిలిచి, ఎమర్జెన్సీలో మొదటి మాటగా "ఈమె ఎనిమిది నెలలుగా స్టెరాయిడ్ ఉన్న మందు వాడుతుండవచ్చు, మానేశారు" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో వాళ్లు హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇస్తారు. చెప్పకపోతే వరంగల్‌లోలా సెలైన్ ఎక్కించి పంపేస్తారు.

ఇక క్యాప్సూల్ సంగతి. మీ ఆడబిడ్డ పంపిన రిపోర్ట్ దొంగదని నేననను. నిజమైన ల్యాబ్ ఇచ్చిన నిజమైన కాగితమే కావచ్చు. కానీ అందులో ఏం పరీక్షించారో చూడండి: సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం, బ్యాక్టీరియా, బూజు, తేమ. అంతే. స్టెరాయిడ్ అన్న మాట ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. అడిగినవి లేవని ల్యాబ్ చెప్పింది, అడగనిదాని జోలికి పోలేదు. ఈ వ్యాపారంలో తిరిగే పీడీఎఫ్‌లు ఎక్కువ భాగం ఇలాంటివే. అడుగున చిన్న అక్షరాల్లో "అందిన నమూనాకు మాత్రమే" అని ఉంది, బ్యాచ్ నంబరు గడి ఖాళీ. అంటే ఆ కాగితానికీ మీ వంటింటి అలమారలో ఉన్న డబ్బాకూ సంబంధం ఉందో లేదో చెప్పే ఆధారమే లేదు.

డబ్బా కూడా తనను తాను పట్టిస్తోంది. ముందువైపు "కీళ్లవాతం మూడు రోజుల్లో మాయం", వెనకవైపు "డైటరీ సప్లిమెంట్" అని 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు. ఆహారంగా లైసెన్సు తీసుకున్న వస్తువు జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదు. కీళ్లవాతం నయం చేస్తామని జనానికి ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కూడా నిషేధించింది. పోనీ ఆయుర్వేద మందే అనుకుందాం. అలాగైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, ఏ మూలిక ఎంత అన్న వివరం ఉండాలి. ఇక్కడ "విలువైన మూలికల మిశ్రమం" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ 14 అంకెలను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సుల వెబ్‌సైట్ ఫాస్‌కాస్‌లో కొట్టి చూడండి. నంబరు అసలైనదే అయినా అది ఎవరి పేరు మీద, ఏ ఊళ్లో, ఏ వ్యాపారానికి ఇచ్చిందో చూడాలి. వేరెవరి నంబరునో అచ్చేసుకోవడం కష్టమైన పనేమీ కాదు.

ఇంట్లో తేల్చుకునే దారి లేదు. నీళ్లలో వేస్తే తేలిందా మునిగిందా, కాలిస్తే ఏ వాసన, అయోడిన్ చుక్క వేస్తే నీలం అయిందా అని వీడియోల్లో చూపించేవేవీ దీనికి పనికిరావు. అయోడిన్ గంజిపిండిని చూపిస్తుంది, స్టెరాయిడ్‌ను కాదు. ఉదాహరణకు లెక్క చూడండి: 500 మిల్లీగ్రాముల పొడిలో 0.75 మిల్లీగ్రాము డెక్సామెథజోన్ అంటే వెయ్యి పాళ్లలో ఒకటిన్నర పాలు. ఆకుపచ్చ పొడిని తెల్ల కాగితం మీద పరిచి చూస్తే తెల్లటి పలుకులు కనిపించవచ్చు, కానీ అవి క్యాప్సూల్ నింపడానికి వాడే మామూలు పిండి కూడా కావచ్చు. లేజర్ కాంతి వేసి పదార్థాన్ని గుర్తుపట్టే, చేతిలో పట్టే రామన్ పరికరాలకు కూడా ముదురు రంగు మూలికల పొడిలో ఇంత తక్కువ మోతాదు చిక్కడం కష్టం.

దీన్ని పట్టేది ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అనే యంత్రం. ఇరవై క్యాప్సూళ్ల పొడిని కలిపి నూరి, తూచి, మెథనాల్‌లో కలిపి, అల్ట్రాసోనిక్ తొట్టిలో కదిలించి, సన్నటి ఫిల్టర్‌తో వడకట్టి యంత్రంలోకి పంపుతారు. ఒకటి రెండు క్యాప్సూళ్లు చాలవు. ఇలాంటి మందులను ఏ గదిలోనో చేత్తో కలుపుతారు కాబట్టి ఒక క్యాప్సూల్‌లో ఎక్కువ, ఇంకో దాంట్లో అసలు లేకపోవడం జరుగుతుంది. లోపలి సన్నటి గొట్టంలో పదార్థాలు ఒక్కొక్కటిగా విడిపోయి, ఒక్కో దాని అణుభారం కొలుస్తారు. డెక్సామెథజోన్ 393 దగ్గర కనిపించి, విరిగితే 373, 355 ముక్కలిస్తుంది. చిక్కేమిటంటే బీటామెథజోన్ కూడా అచ్చం అదే భారం. రెండూ గొట్టంలోంచి వేరువేరు సమయాల్లో వచ్చేలా విడదీస్తేనే ఏది ఏదో చెప్పగలరు. మూలికల్లోని రంగులు, జిగురు ఈ సంకేతాన్ని అణిచేస్తాయి కూడా. అందుకే మంచి ల్యాబ్ అదే పొడిలో తెలిసినంత స్టెరాయిడ్ తనే కలిపి, అది తిరిగి దొరుకుతోందో లేదో సరిచూసుకుంటుంది.

కాబట్టి ప్రైవేటు ల్యాబ్‌కు ఫోన్ చేసినప్పుడు "హెర్బల్ ప్రొడక్ట్ టెస్ట్ చేస్తారా" అనొద్దు. అలా అడిగితే మళ్లీ సీసం, పాదరసం ప్యాకేజీయే అంటగడతారు. ఇలా అడగండి: "లేబుల్ మీద లేని అల్లోపతి మందుల కల్తీకి ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ స్క్రీనింగ్ కావాలి. మీ జాబితాలో ఏ మందులున్నాయి? డెక్సామెథజోన్, బీటామెథజోన్, ప్రెడ్నిసొలోన్, డైక్లోఫెనాక్, పైరాక్సికాం, ఇండోమెథసిన్, పారాసెటమాల్ ఉన్నాయా? ఒక్కోటి కనీసం ఎంత ఉంటే పట్టగలరు? క్యాప్సూల్‌కు ఎన్ని మిల్లీగ్రాములో చెబుతారా? ఈ పరీక్ష మీ ఎన్‌ఏబీఎల్ పరిధిలో ఉందా?" ఎన్‌ఏబీఎల్ అంటే ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ. ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి కాదు, పరీక్ష పరీక్షకూ విడిగా ఉంటుంది. చివరి ప్రశ్న దానికే. క్యాప్సూల్‌కు ఎంత అన్న అంకె డాక్టర్‌కు చాలా విలువైనది. క్యాప్సూల్‌కు 0.75 మిల్లీగ్రాము డెక్సామెథజోన్ అని తేలితే, రోజుకు రెండు అంటే దాదాపు 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. తగ్గించడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆయనకు దొరికినట్టే.

రిపోర్ట్‌లో "నాట్ డిటెక్టెడ్" అని వస్తే దాని అర్థం జాబితాలోని మందులు, ఆ ల్యాబ్ పట్టగలిగిన హద్దు వరకు, ఆ డబ్బాలో దొరకలేదని మాత్రమే. కలిపేవాళ్లు కూడా తెలివైనవాళ్లే. లైంగిక సామర్థ్యం మందుల్లో సిల్డెనాఫిల్‌ను పట్టడం మొదలయ్యాక దాని అణువులో చిన్న మార్పు చేసిన హోమోసిల్డెనాఫిల్ లాంటివి తెచ్చారు. బరువు తగ్గించే పొడుల్లో సిబుట్రమిన్ కథా ఇలాంటిదే. 2011లో మన దేశంలో నిషేధించిన మందు అది. ఎవరూ ఊహించనివి కూడా దొరుకుతాయి. 2008లో సింగపూర్‌లో షుగర్ జబ్బే లేని 150 మంది షుగర్ పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు, నలుగురు చనిపోయారు. చట్టవిరుద్ధంగా అమ్మిన లైంగిక శక్తి మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్ర కలిసి ఉంది. అందువల్ల ల్యాబ్ రిపోర్ట్ శుభ్రంగా వచ్చి, అత్తమ్మ రక్తపరీక్ష మాత్రం స్టెరాయిడ్ వైపు చూపిస్తే రక్తపరీక్షనే నమ్మండి.

ప్రైవేటు రిపోర్ట్ మీకు, డాక్టర్‌కు ఉపయోగపడుతుంది, కేసుకు మాత్రం చాలదు. చట్టం ముందు నిలబడేది అధికారి స్వయంగా తీసి, నాలుగు భాగాలుగా చేసి సీలు వేసిన నమూనానే. అది కావాలంటే ఫిర్యాదు చేయాలి. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కార్యాలయం వెంగళరావు నగర్‌లో ఉంది, టోల్‌ఫ్రీ 1800-599-6969. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంది కాబట్టి ఆహార భద్రత విభాగానికి కూడా, 1800-11-2100కి చెప్పవచ్చు. ఒకరు 'ఇది మందు', ఇంకొకరు 'ఇది ఆహారం' అని మిమ్మల్ని అటూ ఇటూ తిప్పే అవకాశం ఉంది. అందుకే రెండుచోట్లా ఒకే రోజు రాతపూర్వకంగా ఇచ్చి, ఒకదాని కాపీ రెండోదానికి జతచేయండి. మూడో దారి కూడా ఉంది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు, తప్పు తేలితే ఫీజు వాపసు. కానీ కొనేటప్పుడే "దీన్ని పరీక్షకు ఇస్తాను" అని అమ్మేవాళ్లకు చెప్పాలి. మీ విషయంలో అమ్మేది ఆడబిడ్డ! రాష్ట్ర ఆహార ప్రయోగశాల మీకు దగ్గర్లోనే, నాచారంలో ఉంది. వెళ్లే ముందు స్టెరాయిడ్ పరీక్ష చేస్తారా అని కనుక్కోండి.

ఏ దారి ఎంచుకున్నా సరే, ఇప్పుడే ఒక సీలు విప్పని డబ్బా, దానితోపాటు వాడుతున్న డబ్బాలోంచి ముప్పై క్యాప్సూళ్లు పక్కన పెట్టండి. స్టీలు డబ్బాలోకి మార్చొద్దు. జిప్ కవర్‌లో, ఎండా తేమా తగలని చోట ఉంచండి. లేబుల్ ఫొటోలు, ఆడబిడ్డ వాట్సాప్ సందేశాలు, డబ్బు పంపిన యూపీఐ రసీదులు దాచండి. ఆడబిడ్డతో మాట్లాడేది దీని తర్వాతే. ముందే మాట్లాడితే ఆమె భయపడి ఉన్న సరుకంతా పారేయవచ్చు, లేదా ఏజెంటు వచ్చి తీసుకెళ్లిపోతాడు.

ఆమెతో ఎలా మాట్లాడాలన్నది మీరే బాగా చెప్పగలరు, ఆమెను ఎరిగినవారు మీరు. నాకు ఉత్తరంలో కనిపించినంతవరకు ఆమె నమ్మే అమ్ముతోంది. కన్నతల్లికే ఇచ్చింది కదా. అందుకని "నువ్వు విషం అమ్ముతున్నావు" అని మొదలుపెడితే ఆ మాట దగ్గరే ఆగిపోతారు. రక్తపరీక్ష కాగితం చేతిలోకి వచ్చాక, మీవారిని పక్కన పెట్టుకుని, "వదినా, అత్తమ్మ రక్తంలో ఇలా వచ్చింది. నిన్ను కూడా ఎవరో మోసం చేశారని నాకనిపిస్తోంది. ఇది ఎవరి దగ్గర కొన్నావు, బిల్లు ఉందా?" అని అడిగి చూడండి. బిల్లు, ఏజెంటు ఫోన్ నంబరు, పార్శిల్ ఎక్కడి నుంచి వచ్చింది, ఇవి దొరికితే దర్యాప్తు తయారుచేసినవాడి వరకు పోతుంది. దొరకకపోతే ఆమె దగ్గరే ఆగుతుంది. ఆమె తనంతట తనే వెళ్లి ఫిర్యాదు ఇవ్వడం ఆమెకే మంచిది. లైసెన్సు లేకుండా అమ్మినందుకు ఇబ్బంది తప్పుతుందని హామీ ఇవ్వలేను, ముందు ఒక వకీలును కలిస్తే నయం. మీరు ఆమెకు చెప్పకుండా ఫిర్యాదు చేస్తే సరుకు అధికారి చేతికి చిక్కే అవకాశం ఎక్కువ, ఇంట్లో మాటలు తెగిపోయే అవకాశమూ ఎక్కువ. చెప్పి, వారం గడువిచ్చి చేస్తే సంబంధం మిగలవచ్చు, ఆధారం మిగలకపోవచ్చు. అసలు ఫిర్యాదే వద్దనుకుని అత్తమ్మ వరకు చూసుకోవడం మూడోది. అప్పుడు మిగతా ముప్పై నలభై మంది అలాగే ఉంటారు. నా మొగ్గు రెండోదానివైపే, నమూనా మీ దగ్గర భద్రంగా ఉందన్న షరతు మీద.

ఆ ముప్పై నలభై మంది విషయంలో ఇంకో సంగతి. ఆడబిడ్డ పశ్చాత్తాపంతోనో భయంతోనో రేపే అమ్మకం ఆపేసి, అందరికీ "వేసుకోకండి, కల్తీ అంట" అని మెసేజ్ పెట్టిందనుకోండి. నెలల తరబడి వాడుతున్న పెద్దవాళ్లంతా ఒకే రోజు మానేస్తారు. వరంగల్‌లో మీరు చూసింది ఇంకో నాలుగిళ్లలో జరుగుతుంది. కాబట్టి ఆ మెసేజ్‌లో ఏం రాయాలో కూర్చుని ఇద్దరూ కలిసి రాయండి: "ఈ క్యాప్సూళ్లలో స్టెరాయిడ్ ఉందన్న అనుమానం ఉంది. నెల కంటే ఎక్కువ వాడినవాళ్లు సొంతంగా ఆపకండి, డబ్బా తీసుకుని రెండు రోజుల్లో డాక్టర్‌ను కలవండి. కొత్తగా ఎవరూ మొదలుపెట్టకండి. వాంతులు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి." ఎవరెవరికి ఎప్పటి నుంచి ఇచ్చిందో జాబితా ఆమె దగ్గరే ఉంటుంది, అందుకైనా ఆమెతో తగువు పెట్టుకోకపోవడం మేలు.

మీవారు "అమ్మ నడుస్తోంది కదా" అంటున్నారు. వాదించకండి. అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమనండి, ఆయన ఎదుటే. స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే తొడల కండరాలు కరుగుతాయి. నొప్పి లేకపోయినా అలా లేవడం కష్టమవుతుంది. అరిగిన మోకాలికి ఆ కండరమే ఆసరా. మందు తగ్గిస్తుంటే నొప్పి తిరిగి వస్తుందని అత్తమ్మకు కూడా ముందే చెప్పండి, లేకపోతే వారానికే "నా క్యాప్సూల్ నాకివ్వండి" అంటారు. ఫిజియోథెరపీ, పైన రాసే జెల్, డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఆ లోటును కొంత పూడుస్తాయి. ఆయుర్వేదం మీదే గురి ఉంటే ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రికి తీసుకెళ్లండి. డబ్బా వాడి మాట కన్నా అది నయం.

శుక్లాల ఆపరేషన్ తేదీ దగ్గరకొచ్చింది కాబట్టి ఆ డాక్టర్‌కు విడిగా ఫోన్ చేయండి. స్టెరాయిడ్ వాడకం వల్ల కూడా శుక్లాలు వస్తాయి, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత వేసే చుక్కల్లో కూడా సాధారణంగా స్టెరాయిడే ఉంటుంది. ముందే కంటి ఒత్తిడి కొలవమనండి. కార్టిసాల్ ఫలితం, మూడు నెలల షుగర్ ఆయనకు చూపించండి. ఆపరేషన్ రోజు పొద్దున స్టెరాయిడ్ మాత్ర వేసుకోవాలా, ఎంత వేసుకోవాలన్నది ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని రాసివ్వాలి. షుగర్ 9.4 దగ్గరే ఉంటే ఆయనే తేదీ జరపవచ్చు. అత్యవసరం కాని శుక్లాలకు కొన్ని వారాలు ఆగినా నష్టం లేదు.